పలుకని పేటిక

మనకు చెవులు రెండు. ఎడమ వైపున కోయిల కూసినచో ఆ కూత ఎడమ చెవికి ముందుగాను, కుడి చెవికి రవంత వెనుకగాను చేరును. ఆ యాలస్యము సెకండులో వెయ్యవ వంతుకూడ నుండదు. అయినను మన మెదడు దానిని పసిగట్టి కోయిల ఏ దిక్కున నున్నదో చెప్పగలదు. కన్నులు మూసికొని అరుగుమీద కూర్చున్న వృద్ధుడు, వీధిలో బండి ఎటునుండి ఎటు పోవుచున్నదో వ్రేలితో చూపగలుగుట యిందువలననే.

ఈ విద్యను యంత్రమునకు నేర్పినవారిలో ముఖ్యుడు ఆలన్ బ్లమ్లీన్ అను ఆంగ్లేయ ఇంజనీరు. ఆయన ఒకనాడు భార్యతో కలిసి చలనచిత్రము చూడబోయెననియు, తెరమీద నటుడు ఈ కొననుండి ఆ కొనకు నడచిపోవుచున్నను అతని కంఠము మాత్రము ఒక్కచోటినుండియే వినవచ్చుట ఆయనకు రుచింపలేదనియు చెప్పుదురు. 1931 డిసెంబరులో ఆయన ఒక పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. శబ్దమును రెండు మైకులతో గ్రహించి, రెండు త్రోవలలో విడివిడిగా నడిపించి, రెండు స్పీకరులనుండి వినిపించుట అందలి సారము. దీనినే నేడు మనము స్టీరియో అనుచున్నాము. బ్లమ్లీన్ తన యూహ ఇంటింట నెరవేరుట చూడలేదు. 1942లో విమానములో రాడారు పరీక్ష జరుపుచుండగా ఆ విమానము కూలి, 38 ఏండ్ల వయస్సుననే మరణించెను. స్టీరియో గ్రామఫోను రికార్డులు అంగడిలో విరివిగా దొరకుట 1958లో మొదలైనది. అమెరికాలో స్టీరియో రేడియో ప్రసారములు 1961లో ఆరంభమైనవి.

రేడియోను పట్టు భాగమును, ధ్వనిని పెంచు భాగమును ఒకే పెట్టెలో నమర్చినచో దానిని స్టీరియో రిసీవరందురు. 1970 మొదలు పదేండ్లు దీనికి స్వర్ణయుగమని చెప్పవచ్చును. మరాంట్జ్, పయనీర్, శాన్సూయి మున్నగు సంస్థలు ఒకదానితో నొకటి పోటీపడి వీనిని చేసినవి. అల్యూమినియపు ముఖము, బరువైన గుండ్రని మీటలు, చీకటిలో నీలముగనో పచ్చగనో వెలుగు అంకెల పలక, కొన్నింటికి చెక్క తొడుగు. 1978లో పయనీర్ సంస్థ ఎస్.ఎక్స్.1980 అను రిసీవరును వెలువరించెను. దాని బలము ఒక్కొక్క వైపునకు 270 వాట్లు. బరువు సుమారు 35 కిలోలు. ఇంటిలో పాట వినుటకు అంత బలము అక్కరలేదు. పోటీ యనునది మనుష్యులచేత ఇట్టి పనులు చేయించును.

ఇవి మన యిండ్లకు ఎట్లు వచ్చినవి? 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశములలో పనులు విస్తరించినవి. కడపనుండి, గోదావరి జిల్లాలనుండి, తెలంగాణ పల్లెలనుండి ఎందరో అచ్చటికి పోయిరి. సెలవులకు వచ్చునప్పుడు కొందరు బంగారముతోపాటు పాటల పెట్టెను కూడ తెచ్చిరి. అట్లు వచ్చిన రిసీవరులో ఎఫ్.ఎం. అని వ్రాసిన సగము పలక చాలకాలము మన ప్రాంతములలో వట్టి హోరును మాత్రమే వినిపించినది. ఏలనన, మన దేశములో తొలి ఎఫ్.ఎం. ప్రసారము మదరాసులో 1977 జూలై 23న మొదలైనది. మిగిలిన నగరములకు అది చేరుటకు ఏండ్లు పట్టినది. అందువలన విజయవాడ, హైదరాబాదు కేంద్రములను మీడియం వేవులో వినుచు, క్యాసెట్లు తగిలించుకొని పాటలు వినుచు ఆ యిండ్లవారు కాలము గడపిరి.

ఇక అట్టి పెట్టె చెడినచో ఏమి జరుగునో చూతము. గోదావరి ఒడ్డున ఒక పట్టణమనుకొందము. తాతగారు 1977లో కువైటునుండి తెచ్చిన రిసీవరు ఆ యింటి ముందుగదిలో నున్నది. కొన్ని వారములుగా ఎడమ స్పీకరులో నుండి నుండి చిటపటలు వినబడుచున్నవి. ఒకనాటి సాయంకాలము మీట నొక్కగా దీపములు వెలుగును గాని రెండు స్పీకరులును మౌనముగా నుండును. ఎప్పుడును మీట నొక్కిన నాలుగైదు సెకండులకు లోపలినుండి 'టిక్కు'మని చిన్న చప్పుడు వచ్చెడిది. నేడు ఆ చప్పుడు లేదు.

ఆ చప్పుడే ఈ కథకు మూలము. కావున దానిని ముందు తెలిసికొనవలెను. స్పీకరునకు పోవు తీగల మార్గములో రిలే అను చిన్న తలుపు వంటి సాధన మమర్చబడి యుండును. పెట్టెను వెలిగించినంతనే ఆ తలుపు తెరువబడదు. లోపలి విద్యుత్తు నిలకడకు వచ్చువరకు అది వేచియుండి, అంతయు సవ్యముగా నున్నదని కావలి సర్క్యూటు నిర్ణయించిన పిమ్మట టిక్కుమని మూసికొని ధ్వనిని స్పీకరునకు పంపును. ఇచ్చట మాటలు కొంత తికమకగా నుండును: విద్యుత్తునకు దారి 'మూసికొనుట' యన్నచో మనము తలుపు 'తెరచుట' యనుకొనవలెను.

ఆ కావలి దేనికి? స్పీకరులోని కాగితపు శంఖమునకు వెనుక వెండ్రుకవంటి రాగి తీగ చుట్ట యొకటి యుండును. పాట యనగా ముందునకును వెనుకకును ఊగు విద్యుత్తు. దానితో శంఖమును ఊగును. కాని పెట్టెలోని దోషమువలన ఊగని విద్యుత్తు, అనగా ఒకే దిక్కుగా నెట్టునట్టి డి.సి. విద్యుత్తు, ఆ చుట్టలోనికి వచ్చినచో శంఖము ఒక ప్రక్కకు నెట్టుకొని కదలక నిలిచిపోవును. బలమంతయు వేడిగా మారును. 8 ఓముల స్పీకరునకు 33 వోల్టుల డి.సి. తగిలినచో అందు పుట్టు వేడి నూరు వాట్లకు మించును. సోల్డరింగు ఐరను 25 వాట్లతో సీసమును కరగించును. అట్టివి అయిదు కలిసి వెండ్రుకవంటి తీగమీద పడినట్లు! జిగురు కరగి, తీగ మాడి, స్పీకరు కొన్ని క్షణములలో నశించును. ఒక్కొక్కప్పుడు నిప్పు కూడ అంటుకొనును.

ఇప్పుడు ఇంటివారు వీధి చివరనున్న మెకానిక్కును పిలుతురు. ఆయన మూత తీసి, వేలితో రిలేను తట్టి, "బాబుగారూ, రిలే పోయినదండి. రెండు తీగలు కలిపి వేసెదను. సాయంకాలమునకే పాడును" అనును. ఇంటిలోని పిల్లలు సంతోషింతురు. పాత సామానులు కొనువాడు తూకముకట్టి తీసికొని పోవునేమో యని భయపడుచున్న తాతగారును సంతోషింతురు. ఖర్చు కూడ స్వల్పమే. అయినను తాతగారు, ఎందుకో, ఒక్కరోజు ఆగుదమని చెప్పి, బజారులో పాత రేడియోలు బాగుచేయు వేరొక వృద్ధుని పిలిపించిరనుకొందము. ఆయన చెవియొగ్గి విని, "ఇది చెడిన రిలే కాదండి. పనిచేయుచున్న రిలే" అనును.

ఆ మాటలోనే మరమ్మతు విద్య యంతయు నున్నది. మౌనము వ్యాధి కాదు; లోపలి వ్యాధిని చూచి కావలివాడు పెట్టిన కేక యది. తీగలు కలిపియున్నచో ఆనాటి సాయంకాలమే ఎడమ స్పీకరు దగ్ధమై యుండెడిది. ఫ్యూజు పోయినచో దానికి బదులు లావు తీగ చుట్టుటయు ఇట్టి పనియే. మన ఊళ్ళలో అది మిక్కిలి అలవాటైన పని. మిక్కిలి ప్రమాదకరమైన పని కూడ.

వృద్ధుడు మొట్టమొదట పెట్టె వెనుక భాగమును చూచును. అచ్చట వోల్టేజిని మార్చు చిన్న మీట కొన్నింటికి ఉండును. 120 అను చోట నిలిపియుంచి మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టినచో పెట్టె పని ముగిసినట్లే. జపానులో అమ్ముటకై చేసిన పెట్టెలు 100 వోల్టులవి, వానిలోని ఎఫ్.ఎం. పలక కూడ మన పలకతో సరిపోలదు. ఈ పెట్టె 240 వద్ద నున్నది గనుక ఆయన ముందుకు సాగును.

తరువాత ప్లగ్గు తీసి, మూత తెరచి, వెంటనే చేయి పెట్టక ఊరకుండును. లోపల రెండు పెద్ద కపాసిటరులు, మన దుకాణములలో కండెన్సరులని పిలుచునవి, నీటి తొట్లవలె విద్యుత్తును నిలువచేసికొని యుండును. ప్లగ్గు తీసినను ఆ తొట్లు వెంటనే ఖాళీ కావు. ఒక రెసిస్టరును తగిలించి మెల్లగా వానిని ఖాళీ చేయవలెను. స్క్రూడ్రైవరు అడ్డము పెట్టి ఫట్టుమనిపించువారున్నారు; అది వీరత్వము కాదు. బాలలారా, ఇచ్చట ఒక మాట. విద్యుత్తుతో నడచు ఇట్టి పెట్టెను మీరు విప్పరాదు. తెలిసినవారి ప్రక్కన కూర్చుండి చూడుడు. చూచుటయే ఈ వయస్సునకు చాలినంత పాఠము.

ఇక పెట్టెను తిరిగి వెలిగించి పరీక్షింపవలెను. కాని లోపల షార్టు ఉన్నచో వెలిగించిన క్షణముననే ఆరోగ్యముగా నున్న భాగములు కూడ మాడిపోవును గదా! దీనికి వృద్ధుని వద్ద ఒక చౌకయైన యుపాయమున్నది. చెక్కపలకమీద ఒక బల్బు హోల్డరు, ఒక ప్లగ్గు పాయింటు. విద్యుత్తు ముందు ఒక 100 వాట్ల పాతకాలపు బల్బుగుండ ప్రవహించి, ఆ పిమ్మటనే పెట్టెను చేరును. పెట్టెలో షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి ఆ బలమునంతయు తానే మ్రింగును. పెట్టెకు హాని జరుగదు. షార్టు లేనిచో బల్బు ఒక్కసారి మెరసి, తొట్లు నిండినకొలది మసకబారును. దీనికి లోపల తీగ వెలుగునట్టి బల్బే కావలెను, ఇప్పటి ఎల్.ఇ.డి. దీపము పనికిరాదు. వేల రూపాయల సాధనములున్నవారు కూడ ఈ చెక్కపలకను వదలరు.

మన పెట్టెకు బల్బు మెరసి మసకబారినది. షార్టు లేదు. వృద్ధుడు మల్టీమీటరును తీసికొని, రిలేకు లోపలి వైపున, స్పీకరుకు పోవలసిన ధ్వని వచ్చు చోట కొలుచును. కుడి వైపున 0.02 వోల్టు. అది సహజము, సున్నతో సమానము. ఎడమ వైపున 33 వోల్టులు. రిలే ఎందుకు మూసికొనలేదో ఇప్పుడు తెలిసినది. ఒకే రిలే రెండు వైపులను కాచును గనుక ఎడమ వైపు రోగమునకు కుడి వైపు కూడ మౌనము వహించినది.

కాని ఎడమ వైపున పదునైదు ఇరువది ట్రాన్సిస్టరులు, అంతకు రెండింతల రెసిస్టరులు ఉండవచ్చును. దోషి ఎవరు? కంపెనీవారి సర్క్యూటు పటము దొరకినచో మంచిదే. ఏబది ఏండ్లనాటి పెట్టెలకు అది ఎల్లప్పుడును దొరకదు. ఇచ్చటనే బ్లమ్లీన్ చేసిన మేలు వేరొక రూపమున నక్కరకు వచ్చును. స్టీరియో పెట్టెలో రెండు వైపులును కవలపిల్లలు! ఎడమ వైపు ఏ ట్రాన్సిస్టరు ఎచ్చటనున్నదో, కుడి వైపును అదే అచ్చట నుండును. రోగి ప్రక్కననే ఆరోగ్యవంతుడైన తోబుట్టువు నిలిచియున్నాడు. పటము లేకున్నను కుడి వైపు పటమగును.

వృద్ధుడు ఒక కాగితమును రెండు గడులుగా విభజించి కొలుచుట మొదలుపెట్టును. ఇచ్చట కుడి 35, ఎడమ 35. సమానమే, విద్యుత్తు రెండింటికిని సరిగానే చేరుచున్నది. చివరనున్న పెద్ద ట్రాన్సిస్టరుల వద్ద అంకెలు వేరైనను అది వాని దోషము కాకపోవచ్చును. ఎగువనున్న తూములో దోషమున్నచో దిగువ కాలువలన్నియు తప్పుగానే పారును గదా. అందుచేత ఆయన ఎగువకు, ధ్వని మొట్టమొదట ప్రవేశించు చోటికి పోవును. అచ్చట కందిగింజంత ట్రాన్సిస్టరులు రెండు జంటగా నుండును. ఒకటి లోనికి వచ్చు ధ్వనిని చూచును. రెండవది బయటికి పోవు ధ్వనిని చూచును. రెండింటికిని భేదమున్నచో సరిదిద్దుట ఈ జంట పని. సిలికాను ట్రాన్సిస్టరు పనిచేయుచున్నప్పుడు దాని బేసునకును ఎమిటరునకును నడుమ ఇంచుమించు 0.6 వోల్టు ఉండవలెను. కుడి జంటలో రెండింటను 0.6. ఎడమ జంటలో మొదటిదానిలో ముప్పదికి పైగా వోల్టులు! ఆరోగ్యముగా నున్న ట్రాన్సిస్టరు అంత భేదమును నిలువనీయదు. లోపలి అతుకు తెగినది. ఇన్ని వారములనుండి వినబడిన చిటపటలు ఆ అతుకు తెగుచు అంటుచు నుండుటవలన వచ్చినవే.

కొన్ని రూపాయలు చేయు కందిగింజ యొకటి! దానికొరకు 15 కిలోల పెట్టె మూగవోయినది.

దానికి బదులు దొరకుట కొంచెము శ్రమ. జపాను ట్రాన్సిస్టరుల పేరులు 2ఎస్ఏ, 2ఎస్సీ అని ప్రారంభమగును. వానిలో పెక్కింటి తయారీ ఏనాడో నిలిచిపోయినది. హైదరాబాదులో కోఠివద్ద గుజరాతీ గల్లీవంటి చోట్ల వెదకినచో పాత పేరులు వ్రాసిన క్రొత్త సరుకు దొరకును. అందు నకిలీలు లేకపోలేదు. ముఖ్యముగా పెద్ద ట్రాన్సిస్టరులలో పైన గొప్ప పేరు చెక్కి లోపల చిన్న ముక్క పెట్టి అమ్ముదురు. పేరు కుదరనిచో గుణములు కుదరినదానిని ఎంచుకొనవచ్చును. కాని కాళ్ళ వరుస చూచుకొనవలెను. ఈ చిన్న జపాను ట్రాన్సిస్టరులలో సాధారణముగా కలెక్టరు నడుమ నుండును. మనకు సులభముగా దొరకు బి.సి.547 వంటివానిలో బేసు నడుమ నుండును. అది యెరుగక అట్లే గ్రుచ్చినవారు మరమ్మతు చేయబోయి మరికొన్నింటిని కాల్చుదురు.

వృద్ధుడు చెడినదానిని మాత్రమే మార్చడు. జంటలో రెండును ఒకే తీరున నుండవలెను గనుక రెండింటిని కొలిచి, సరిపోలినవానిని ఎన్నుకొని మార్చును. కుడి వైపు జంటకును అదే వయస్సు. దానిని కూడ మార్చును. చిన్న కండెన్సరులను కొన్నింటిని తీసివేసి క్రొత్తవి వేయును. వానిలోపల ద్రవముతో తడిసిన కాగితముండును. ఏండ్లు గడచినకొలది ఆ తడి యారిపోవును. పది డిగ్రీల వేడి హెచ్చినచో వాని యాయువు ఇంచుమించు సగమగును. మన వేసవులలో, గాలి చొరని గాజు బీరువాలో, పైన లేసుగుడ్డ కప్పి యుంచిన పెట్టెలు త్వరగా ముసలివగుటకు కారణమిదియే. అట్లని కనబడిన ప్రతి భాగమును పెరికివేయు వారును ఉన్నారు. వారి పనిలో పాత దోషము పోయి క్రొత్త దోషములు పుట్టుట నేను మంచి పనిగా నెంచను. ఒక్కొక్కటిగా మార్చి, ఒక్కొక్కసారి కొలుచుటయే మేలు.

వాల్యూము మీట త్రిప్పునప్పుడు గరగర వచ్చుట వేరొక చిన్న రోగము. లోపలి నల్లని దారిమీద ధూళి చేరుట దానికి కారణము. అందుకని చేసిన శుభ్రపరచు ద్రవమును రెండు చుక్కలు వేసి పదిసారులు త్రిప్పిన చాలును. కొందరు కుట్టుమిషను నూనె వేయుదురు; అది ధూళిని మరింత పట్టి యుంచును. రిలే లోపలి వెండి బిళ్ళలను గరుకు కాగితముతో రుద్దుటయు కూడదు. పైపూత పోయి అది త్వరలోనే చెడును.

ఇన్నియు చేసిన పిమ్మట పెట్టెను మరల బల్బు చెక్కపలకకు తగిలింతురు. బల్బు మెరసి మసకబారును. ఎడమ వైపున ఇప్పుడు 0.01 వోల్టు. చెక్కపలకను తీసి నేరుగా ప్లగ్గులో పెట్టగా, నాలుగైదు సెకండులు గడచి, టిక్కుమను చప్పుడు వచ్చును. పిల్లలు స్పీకరులు తెచ్చి తగిలింపబోవుదురు గాని వృద్ధుడు వారింపవలసియే యుండును. పెద్ద ట్రాన్సిస్టరులు ఊరకయున్నప్పుడు ఎంత విద్యుత్తు త్రాగవలెనో నిర్ణయించు చిన్న మర లోపల నున్నది. అది తక్కువైనచో సన్నని స్వరములు గరుకుగా వినబడును. ఎక్కువైనచో పెట్టె కాగి చెడును. చల్లగా నున్నప్పుడు ఒక లెక్క, కాగినప్పుడు వేరొక లెక్క గనుక పదునైదు నిమిషములు ఆగి, రెండవసారి సరిచూడవలెను. ఆ తరువాత స్పీకరునకు బదులు 8 ఓముల పెద్ద రెసిస్టరును తగిలించి గంటసేపు నడిపింతురు. పిమ్మట ఒక పాత చౌక స్పీకరు. అన్నిటికిని చివర తాతగారి స్పీకరులు.

కొన్ని పెట్టెలకు ఇంత శ్రమ చెల్లదు. ట్రాన్స్‌ఫార్మరు మాడినచో, తేమ పట్టి రాగి దారులు తిని పోయినచో, వేరొక చోట దొరకని చిన్న ఐ.సి. యొకటి చచ్చినచో, బాగుచేయుదునని సొమ్ము తీసికొనుట కంటె కాదని చెప్పుటయే ఆ వృత్తివానికి గౌరవము. అట్టి పెట్టె ఊరక పోదు. దాని మీటలు, దీపములు, మంచి ట్రాన్సిస్టరులు తీసి దాచినచో వేరొక పెట్టె బ్రదుకును.

ఎడమ స్పీకరునుండి తంబుర, కుడి స్పీకరునుండి మృదంగము, రెండింటి నడుమ, ఎచ్చటను స్పీకరు లేని చోట, గాయకుని కంఠము వినవచ్చుచున్నప్పుడు వృద్ధుడు మూత బిగింపడు. తాను రెండు గడులుగా గీసిన కాగితమును తీసి, మార్చిన భాగముల పేరులను, నేటి తేదీని, రెండు వైపుల వోల్టులను దానిపై శుభ్రముగా వ్రాసి, మడచి, మూతకు లోపలి వైపున అంటించును. మరి పదేండ్లకో ఇరువదేండ్లకో దీనిని తెరచువాడు ఎవడో ఆయనకు తెలియదు. అతనికి కుడి వైపు కూడ చెడియున్నచో కొలుచుటకు కవల యుండదు. అప్పుడు ఈ కాగితము చదువుకొనును. తరువాత ఆయన నాలుగు మరలను బిగించి, స్క్రూడ్రైవరును సంచిలో వేసికొనును.